పాల కార్డు మీద ఆగిపోయిన తేదీ: ఒక సాంఘిక బహిష్కరణ కేసు

ఈ కేసు గురించి రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. పేర్లు, తేదీలు, కొన్ని అంకెలు, బంధుత్వాలు మార్చాను. కేసు ఇంకా కోర్టులో ఉంది కాబట్టి కొన్ని విషయాలు కావాలనే వదిలేశాను.

నేను వకీలును కాను. ఉత్తర తెలంగాణలో ఒక మండల కేంద్రంలో ఉన్న చిన్న న్యాయ సహాయ కేంద్రంలో 12 ఏళ్లుగా పనిచేస్తున్నాను. దరఖాస్తులు రాసిపెట్టడం, స్టేషన్‌కు తోడు వెళ్లడం, ఆఫీసుల చుట్టూ తిరగడం నా పని. అట్రాసిటీ కేసులు, అంటే ఎస్సీ, ఎస్టీల మీద జరిగే నేరాల కేసులు, నాకు కొత్తేమీ కాదు. అయినా ఈ కేసును మొదటి మూడు వారాలు నేను గుర్తుపట్టలేదు. రాయాలనిపించడానికి అసలు కారణం అదే.

నేపథ్యం

ఊరు గోదావరికి దగ్గర. వరి, పసుపు పండుతాయి. ఇంటికొకరు కాకపోయినా గల్లీకి నలుగురైనా గల్ఫ్‌లో ఉంటారు. ఈ ప్రాంతం తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఇక్కడి చాలా ఊళ్లలో సర్పంచ్ కంటే వీడీసీ మాట గట్టిది. వీడీసీ అంటే గ్రామాభివృద్ధి కమిటీ. కులానికి ఒకరో ఇద్దరో సభ్యులుంటారు. పంచాయతీరాజ్ చట్టంలో దానికి చోటు లేదు. కానీ బెల్టు షాపు వేలం ఎవరికి పోవాలి, గుడికి ఎంత చందా వేయాలి, ఎవరి తగాదా ఎలా తెగాలి అన్నవి అక్కడే తేలతాయి. మాట వినని వాళ్లకు జరిమానా. జరిమానా కట్టకపోతే వెలి.

నర్సవ్వ అని పిలుస్తాను ఆమెను. వయసు 45 దాకా ఉంటుంది. భర్త మల్లేశ్. ఎస్సీ కుటుంబం. ఎకరం పొలం, రెండు బర్రెలు. కొడుకు దుబాయిలో పని చేస్తాడు, బిడ్డ ఏడో తరగతి. కొడుకు పెళ్లి కోసం సెలవు పెట్టి వచ్చాడు. డిసెంబర్ 6న పెళ్లి, ఆ రాత్రి బరాత్. డీజే పెట్టి, పెళ్లికొడుకును ఓపెన్ టాప్ జీపులో కూర్చోబెట్టి ఊళ్లోకి తీసుకొచ్చారు. పెద్ద గుడి దగ్గర కొందరు ఆపి, డీజే బంద్ చేసి పెళ్లికొడుకు దిగి నడవాలన్నారు. అతను దిగలేదు. పావుగంట తోపులాట తర్వాత జీపు ముందుకు కదిలింది.

మర్నాడు పొద్దున ముగ్గురు వచ్చి వాకిట్లో నిలబడి కులం పేరు పెట్టి తిట్టారు. డిసెంబర్ 11 రాత్రి వీడీసీ కూర్చుంది. 50 వేలు జరిమానా అంది. మల్లేశ్ కట్టనన్నాడు. ఆ రాత్రే డప్పు చాటింపు: ఈ ఇంటితో ఎవరూ మాట్లాడొద్దు, ఇచ్చిపుచ్చుకోవద్దు, తప్పితే 5 వేలు దండుగ. డప్పు కొట్టినవాడు నర్సవ్వకు మరిది వరస.

ఇదంతా ఇప్పుడు వరసగా రాస్తున్నాను గానీ, నాకు ఈ వరసలో తెలియలేదు.

మా దగ్గరికి వచ్చిన సమస్య

జనవరి రెండో వారంలో నర్సవ్వ ఒక్కతే వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవర్, అందులో పాల కార్డు. "మేడం, కేంద్రంల పాలు పోసుకుంటలేరు. మీరు డైరీవాళ్లకు జెర చెప్పున్రి. బర్రెల లోను కిస్తు కట్టాలె" అంది.

నేను దాన్ని డెయిరీ తగాదా అనుకున్నాను. అలాంటివి నెలకు రెండో మూడో వస్తాయి: తూకంలో మోసం, బిల్లు ఆలస్యం, పాలు విరిగాయని తిప్పి పంపడం. సూపర్‌వైజర్‌కు ఉత్తరం రాసిచ్చి పంపాను. పది రోజులకు జవాబొచ్చింది. వెన్న శాతం తక్కువగా ఉన్నందున పాలు తీసుకోవడం లేదని అందులో ఉంది. సరే, బర్రెలకు దాణా మార్చి చూడమని నర్సవ్వకు సలహా కూడా ఇచ్చాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఎందుకంటే పాల కార్డు నా బల్ల మీదే ఉంది. పూటకో గీత, గీతకో వెన్న శాతం. 6.8, 7.1, 6.9, 7.0. ఏ పూటా ఆరున్నరకు తగ్గలేదు. డిసెంబర్ 11 సాయంత్రం పోసిన పాలకు 7.0 అని రాసి ఉంది. 12 పొద్దుటి నుంచి గడులన్నీ ఖాళీ. నాలుగేళ్లలో పండుగకు, చావుకు కూడా ఆగని రాత ఒక్క పూటలో ఆగిపోయింది. నేను చూసింది కింద వేసిన మొత్తం మాత్రమే.

ఆమె ఎందుకు చెప్పలేదు? తర్వాత అడిగాను. "కొట్టలేదు గద మేడం" అంది. తల పగిలితే కేసు, చెయ్యి విరిగితే కేసు. మాట్లాడకపోతే అది కూడా కేసే అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పైగా చుట్టాల్లో పరువు. ఊరు వెలేసిందంటే మనదే ఏదో తప్పుంది అనుకుంటారని భయం.

గుర్తుపట్టిన రోజు

ఫిబ్రవరి మొదటి వారం, మంగళవారం. ఆమె మూడోసారి వచ్చినప్పుడు బిడ్డను వెంట తెచ్చింది. బడి లేదా అని మాట వరసకు అడిగాను. ఆ పిల్లే చెప్పింది. "ఆటో వస్తలేదు."

"ఏం, పాడైందా?"

"లేదు. పొద్దుగాల మా ఇంటి ముంగట్నుంచే పోతది. ఆపడు."

అప్పుడు తెల్లకాగితం తీసి ఒక్కటే ప్రశ్న అడిగాను. ఇంకేమేం ఆగినయ్? గంటన్నర పట్టింది. గిర్నీలో పిండి పట్టడం లేదు. మంగలి షాపులో మల్లేశ్‌ను కూర్చోబెట్టుకోవడం లేదు. యాసంగికి పొలం దున్నడానికి ట్రాక్టర్ రాలేదు, నాట్లకు కూలీలు రాలేదు, ఎకరం బీడు పడింది. పక్క పొలం మీదుగా పోయే పైపు తీసేయమన్నారు. కిరాణా కొట్టుకు చాయ్‌పత్తా కోసం పోతే కొట్టాయన "సామాను రాలే" అన్నాడట. ఆయన తల మీదే చాయ్‌పత్తా పొట్లాల దండ వేలాడుతోంది. నర్సవ్వ దాని వైపు చూసింది. ఆయన కూడా చూశాడు. ఇద్దరూ ఇంకేం మాట్లాడలేదు.

నల్లా నీళ్లు మాత్రం వస్తున్నాయి. అది పంచాయతీ చేతిలో ఉంది, వీడీసీ చేతిలో కాదు.

వీటిలో ఒక్కోటి విడిగా చూస్తే ఒక్కో సాకు ఉంది. ట్రాక్టర్ రిపేరు. కూలీలు వేరే పొలానికి ఒప్పుకున్నారు. పాలల్లో వెన్న లేదు. అన్నీ ఒకే కాగితం మీద, పక్కన తేదీ వేసి రాస్తే సాకులు నిలబడలేదు. అన్నీ డిసెంబర్ 12కూ 15కూ మధ్యే మొదలయ్యాయి. నేను మొదటి రోజే ఆ కాగితం తీసి ఉంటే, కనీసం ఆఖరి నాట్ల లోపు ట్రాక్టర్ గురించైనా ఏదో ప్రయత్నం చేసేవాళ్లం. ఆ ఎకరం బీడు పడటంలో నా వాటా ఉంది.

ఇది కులం వల్లేనా?

ఆఫీసులో మాకు మాకే వాదన జరిగింది. మా సహోద్యోగి అన్న మాట కొట్టిపారేసేది కాదు. ఈ వీడీసీ రెండేళ్ల కింద ఒక బీసీ కుటుంబాన్ని కూడా భూమి తగాదాలో వెలేసింది. వాళ్లది పెత్తనం, అందరి మీదా చేస్తారు, దీన్ని కుల ద్వేషం అనగలమా అని. రేపు స్టేషన్‌లోనూ ఇదే మాట వస్తుందని నాకు తెలుసు.

మన దేశంలో 'హేట్ క్రైమ్' అనే పేరుతో ఒకే చట్టం లేదు. ఎస్సీ, ఎస్టీల విషయంలో ఆ పని చేసేది 1989 అత్యాచారాల నిరోధక చట్టం, అందరూ అట్రాసిటీ చట్టం అనేది. 1990 జనవరి 30 నుంచి అమల్లో ఉంది. 1985లో కారంచేడులో దళితుల హత్యల తర్వాత ఇలాంటి చట్టం కావాలన్న ఒత్తిడి పెరిగింది. చట్టం వచ్చిన ఏడాదిన్నరకే, 1991 ఆగస్టు 6న, చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. ఆ హత్యలకు ముందు అక్కడి దళితులకు పని ఇవ్వకుండా సాంఘిక బహిష్కరణ నడిచింది. అందుకే వెలిని నేను కత్తి లేని గొడవగా చూడలేను. కత్తి ఎప్పుడొస్తుందో తెలియని గొడవ అది.

2015 సవరణ బహిష్కరణకు స్పష్టమైన నిర్వచనాలు ఇచ్చింది. అలవాటుగా అందే సేవలు ఆపడం, కూలికి పెట్టుకోకపోవడం, బేరసారాలు మానడం, మనిషిని మిగతావాళ్ల నుంచి విడదీయడం అన్నీ అందులో ఉన్నాయి. ఆ సెక్షన్‌ను రెండుమూడు సార్లు చదివాక నాకు ఒక విషయం తట్టింది. ఎస్సీ కుటుంబం మీద బహిష్కరణ విధించినా, విధిస్తామని బెదిరించినా నేరమే అని ఉంది. 'కులం కారణంగా' విధించాలనే షరతు ఆ మాటల్లో లేదు. బీసీ కుటుంబాన్ని వెలేయడం తప్పు కాదని దీని అర్థం కాదు. ఆ పాత తప్పు ఈ కేసుకు జవాబు కాదు, అంతే.

అయినా కారణం వెతికాం. ఎలా వెతికామంటే, ఆ చలికాలంలో అదే రోడ్డు మీద ఇంకా ఎన్ని బరాత్‌లు పోయాయో అడిగాం. రెండు పోయాయి. రెండింట్లోనూ డీజే ఉంది, రెండింట్లోనూ పెళ్లికొడుకు బండి మీదే ఉన్నాడు. ఎవరూ ఆపలేదు. పెళ్లి ఊరేగింపులో వాహనం ఎక్కకుండా అడ్డుకోవడాన్ని ఈ చట్టం వేరుగా నేరమంటుంది. అలా పేరు పెట్టి రాయాల్సి వచ్చిందంటే, అది ఎన్ని ఊళ్లలో జరిగి ఉండాలి?

ముందు చేసినవి, అవి ఎందుకు చెడ్డాయి

ఫిర్యాదా, రాజీయా? నేను రాజీ వైపు మొగ్గాను. కుటుంబం ఊళ్లోనే బతకాలి, కేసు ఏళ్లు పడుతుంది అన్నది నా లెక్క. మల్లేశ్ కూడా అదే కోరాడు. ఫిబ్రవరి రెండో వారంలో నేనూ, సహోద్యోగీ వెళ్లి వీడీసీ పెద్దమనుషులతో కూర్చున్నాం. చాయ్ ఇచ్చారు, మర్యాదగా మాట్లాడారు. ఒకాయన అన్న మాట నేను ఎప్పటికీ మరిచిపోను. "బహిష్కరణ ఎక్కడున్నది మేడం? ఎవరిష్టం వాళ్లది. రేపు మీరు నాతోని మాట్లాడకపోతే నేను మీ మీద కేసు పెడతనా?"

ఆ మీటింగ్ వల్ల జరిగింది రెండే. జరిమానా 75 వేలైంది. ఊరి వాట్సాప్ గ్రూపులో చాటింపు గురించి పెట్టిన వాయిస్ మెసేజ్‌ను ఎవరి ఫోన్‌లో వాళ్లతో చెరిపించారు. మేం వెళ్లి, కేసు రాబోతోందని వాళ్లకు ముందే చెప్పి వచ్చినట్టయింది.

రాజీ ప్రయత్నం ఎప్పుడూ తప్పే అనను. పొలం గట్టు తగాదాలో, అప్పు తగాదాలో నేను ఈనాటికీ ముందు మాటలే నడుపుతాను. కానీ అక్కడ ఇద్దరూ ఒకరికొకరు ఎంతో కొంత సమానం. ఇక్కడ ఒకవైపు ఊరు, ఇంకోవైపు ఒక ఇల్లు. ఆ బల్ల దగ్గర నర్సవ్వకు కుర్చీ కూడా వేయలేదు. నేను కూర్చున్నాను, ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. అది నేను అప్పుడే చూసి లేచి రావాల్సింది.

తర్వాత స్టేషన్‌కు వెళ్లాం. ఫిర్యాదు నేనే రాశాను, రెండు పేజీలు. ఎస్ఐ దరఖాస్తు తీసుకుని రసీదు ఇచ్చాడు. ఎఫ్ఐఆర్ కట్టలేదు. ముందు ఎంక్వైరీ చేస్తామని చెప్పి రెండుసార్లు ఇరువర్గాలను పిలిచి కౌన్సెలింగ్ పెట్టాడు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఈ చట్టం కింద ప్రాథమిక విచారణ అనే మెట్టు వచ్చింది. అదే ఏడాది పార్లమెంటు 18ఎ సెక్షన్ చేర్చి దాన్ని తీసేసింది. ఎఫ్ఐఆర్‌కు ముందు విచారణ అక్కర్లేదు. ఈ సంగతి నాకు తెలుసు. కానీ గట్టిగా అడగలేదు. వారం వారం ఏదో పని మీద అదే స్టేషన్‌కు పోవాలి, ఎస్ఐతో చెడగొట్టుకోవడం ఎందుకని. ఈ రంగంలో ఉన్నవాళ్లకు ఈ టెన్షన్ తెలిసే ఉంటుంది.

తప్పంతా ఎస్ఐది కూడా కాదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ లాయర్ ఒకామెకు ఆ కాపీ చూపించాను. చదివి, "ఇందులో బహిష్కరణ ఎక్కడుంది?" అంది. నిజమే. పేజీన్నర తిట్ల గురించే ఉంది. వెలి గురించి ఒకే వాక్యం: "గ్రామ పెద్దలు మమ్మల్ని కులం పేరుతో దూషించి, ఊరి నుంచి వెలివేసి, తీవ్ర ఇబ్బందులకు గురిచేస్తున్నారు." తేదీ లేదు, మనిషి లేడు, వస్తువు లేదు. అలాంటి వాక్యం ఏ ఫిర్యాదులోనైనా అతుకుతుంది.

మేం బలమనుకున్న తిట్ల భాగమే బలహీనమని కూడా ఆమే చూపించింది. కులం పేరుతో తిట్టడం ఈ చట్టం కింద నేరం కావాలంటే అది జనం కంటపడే చోట జరగాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అన్న మాట ఈ సెక్షన్ కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. నేను "మా ఇంటికి వచ్చి తిట్టారు" అని రాసి వదిలేశాను. నిజానికి అది ఇల్లు కాదు, వాకిలి. దానికి ప్రహరీ లేదు. గల్లీలో పోయేవాళ్లకు అన్నీ కనిపిస్తాయి, వినిపిస్తాయి. బయటి నుంచి కనిపించే ఆవరణ జనం కంటపడే చోటేనని 2008 తీర్పులో ఉంది. మరి ఎవరు విన్నారు? ఎదురింటివాళ్లు విన్నారు, కానీ చుట్టాలు. ఇంకెవరున్నారని గుచ్చి గుచ్చి అడిగితే, గల్లీలో కూరగాయల బండి ఆగి ఉందని నర్సవ్వకు గుర్తొచ్చింది. బండి ఆయనది వేరే ఊరు, వేరే కులం. మా ప్యానెల్ లాయర్ ముఖం వెలిగిపోయింది.

పని చేసినవి

మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ముందు ఫిర్యాదు రాయలేదు. తొమ్మిది రోజులు ఆగాం. దానికి కారణం మల్లేశ్. నర్సవ్వ కేసు పెడదామంది, ఆయన వద్దన్నాడు. పొలానికి నీళ్లు పక్కవాళ్ల గట్టు మీదుగా రావాలి, రేపు చచ్చినా మోసేది ఈ ఊరివాళ్లే అన్నది ఆయన మాట. దాన్ని పిరికితనం అనడానికి మనమెవరం? ఆయన్ను ఒప్పించే పని నేను పెట్టుకోలేదు. కేసు పెడితే ఏమవుతుందో, పెట్టకపోతే ఏమవుతుందో రెండూ చెప్పి, ఇంట్లో మాట్లాడుకోమన్నాను. కౌంటర్ కేసు వస్తుందని కూడా అప్పుడే చెప్పాను. దాదాపు ప్రతిసారీ వస్తుంది.

ఆ తొమ్మిది రోజులూ ఊళ్లో ఎవరికీ తెలియకుండా కాగితాలు పోగుచేశాం. పాల కార్డు ప్రతి పేజీ ఫొటో. కిరాణా ఉద్దెర పుస్తకంలో డిసెంబర్ 10 తర్వాత ఆగిపోయిన పద్దు. కులధ్రువీకరణ పత్రం కొత్త కాపీ. పెళ్లి వీడియో, అందులో జీపు ముందు నిలబడ్డవాళ్ల ముఖాలు. వాయిస్ మెసేజ్ దుబాయిలో దొరికింది. కొడుకు ఊరి గ్రూపులో ఉండేవాడు. డిసెంబర్ 12న అతన్ని తీసేశారు, కానీ 11 రాత్రి వచ్చిన మెసేజ్ అతని ఫోన్‌లో అలాగే ఉంది. ఆ ఫోన్ వాడకుండా పక్కన పెట్టి వేరేది కొనుక్కోమన్నాం. కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్‌తో సహా దాన్ని తర్వాత పోలీసులకు అప్పగించాడు.

పదో రోజు మల్లేశే ఫోన్ చేశాడు. బిడ్డ బడి మానేస్తానంటోందని, ఇక రాయమని.

నర్సవ్వ చెబుతుంటే ఆమె మాటల్లోనే రాశాను. పాత వాక్యం స్థానంలో ఇది వచ్చింది: "డిసెంబర్ 12న పొద్దున ఆరున్నరకు నాలుగు లీటర్ల పాలు తీసుకుని కేంద్రానికి పోయాను. పాలు పోసుకునే ఆమె, 'రాత్రి చాటింపు విన్నవు గద, నీ పాలు పోసుకుంటే నాకు 5 వేలు దండుగ' అన్నది. అప్పుడు వరసలో ముగ్గురున్నారు. పాలు తిరిగి ఇంటికి తెచ్చుకున్నాను." ఇలాంటివి పదకొండు. ప్రతిదానికీ తేదీ, వేళ, చోటు, అన్నవాళ్లు, విన్నవాళ్లు. సెక్షన్లు ఒక్కటి కూడా రాయలేదు. జరిగింది చెప్పడం మన పని, సెక్షన్ వేయడం వాళ్ల పని. మనం ఒక సెక్షన్ రాస్తే చదివేవాడి కన్ను దాని మీదే ఆగిపోతుంది.

నిందితులుగా ఎవరి పేర్లు పెట్టాలన్నది ఇంకో నిర్ణయం. వీడీసీ మీటింగ్‌లో ఎస్సీ సభ్యుడూ కూర్చున్నాడు. చాటింపు వేసింది ఎస్సీయే. ఈ చట్టం కింద ఎస్సీ, ఎస్టీలు కానివాళ్లే నిందితులవుతారు. పాలు పోసుకోని ఆమె, ఆటో ఆపని అతను కూడా 5 వేల దండుగకు భయపడ్డవాళ్లే. అందరి పేర్లూ పెడితే ఊరంతా ఒక్కటవుతుంది, సాక్షి మిగలడు. విధించినవాళ్ల పేర్లు మాత్రమే పెట్టి, భయపడ్డవాళ్లను సాక్షులుగా వదిలాం. ఈ కేసులో మేం తీసుకున్న నిర్ణయాల్లో నాకు పూర్తి నమ్మకం ఉన్నది ఇదొక్కటే.

ఎస్ఐ దగ్గరికి మళ్లీ పోలేదు. స్టేషన్ ఎఫ్ఐఆర్ కట్టకపోతే ఎస్పీకి పోస్టులో పంపే హక్కు ఫిర్యాదుదారుకు ఉంది. ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపాం. సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు ఒక కాపీ ఇచ్చాం. అట్రాసిటీ ఫిర్యాదుల జాతీయ హెల్ప్‌లైన్ 14566కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ వేయించుకున్నాం. మూడింటి రసీదులూ ఒకే ఫైల్లో పెట్టాం. విధి నిర్వహణలో నిర్లక్ష్యం చేసిన అధికారి మీద ఈ చట్టంలోనే నాలుగో సెక్షన్ ఉంది. ఆ సంగతి మేం ఎక్కడా రాయలేదు. రసీదులే చాలు.

నాలుగో రోజు ఎఫ్ఐఆర్ అయింది. ఈ కేసుల దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారే చేయాలి కాబట్టి డీఎస్పీ వచ్చాడు. ఫిర్యాదులో తేదీల వారీగా ఉండటంతో ఎవరిని ఏం అడగాలో ఆయనకు వెతుక్కునే పని పడలేదు. కూరగాయల బండి ఆయన వాంగ్మూలం ఇచ్చాడు. ఈ ఊరి దండుగ ఆయన్నేం చేస్తుంది? పాల కేంద్రం ఆమె ముందు వెన్న శాతం అంది. డీఎస్పీ కార్డు తీసి 7.0 చూపించేసరికి ఏడ్చేసింది.

ఎఫ్ఐఆర్ అయిన మూడో రోజు కౌంటర్ కేసు పడింది. ఫిబ్రవరిలో కొడుకు కత్తి పట్టుకుని బెదిరించాడట. గల్ఫ్‌లో ఉన్నవాడి మీద కేసంటే వీసా, పాస్‌పోర్టు భయం. అందుకే అతన్నే ఎంచుకున్నారు. కానీ అతను జనవరి 20నే దుబాయి వెళ్లిపోయాడు. పాస్‌పోర్టు ముద్ర కాపీ ఇచ్చాం, అది అక్కడితో ఆగింది.

ఆ రోజుల్లో బిడ్డను మండల కేంద్రంలో మేనమామ ఇంట్లో పెట్టాం. గడ్డి వేరే ఊరి నుంచి తెప్పించాం. మా సంస్థ ఖర్చుల పుస్తకంలో 'గడ్డి' అనే పద్దు అదే మొదటిసారి. ఆడిటర్ అడిగాడు కూడా.

సేవలు తిరిగి రావడం

కేసు నమోదైనంత మాత్రాన పాలు పోసుకోరు. ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది. ఎఫ్ఐఆర్ తర్వాత పది రోజులు ఊళ్లో ఏమీ మారలేదు, ఇంకా బిగుసుకుంది. అప్పుడు ఈ చట్టం నిబంధనల వెనక ఉండే పరిహారాల పట్టిక తీశాం. బహిష్కరణ దగ్గర లక్ష రూపాయల పరిహారంతో పాటు, ఆగిన సేవలన్నీ మిగతావాళ్లతో సమానంగా తిరిగి అందేలా చూడాలని ఉంది. డబ్బు గురించి అందరూ అడుగుతారు, ఈ రెండో మాట ఎవరూ అడగరు. ఆగిన సేవల జాబితా జతచేసి ఆర్డీవోకు దరఖాస్తు పెట్టాం. జాబితా ఎక్కడిదంటారా? ఫిబ్రవరిలో ఆ మంగళవారం రాసిన తెల్లకాగితమే.

ప్రతి నెలా 30న అధికారులు ఏదో ఒక ఊళ్లో పౌర హక్కుల దినం జరపాలి, కుల వివక్ష గురించి ఊరివాళ్లతో మాట్లాడాలి. చాలాచోట్ల నాలుగు కుర్చీలు, ఒక ఫొటోతో అయిపోతుంది. మార్చి 30న దాన్ని ఈ ఊళ్లోనే పెట్టారు. తహసీల్దార్, ఎస్ఐ, డెయిరీ సూపర్‌వైజర్ అందరూ వచ్చారు. జాబితా చదివి, ఒక్కో సేవకు బాధ్యులు ఎవరో అడిగారు. తర్వాత తహసీల్దార్ నర్సవ్వ వెంట కిరాణా కొట్టు దాకా నడిచాడు. ఆమె చాయ్‌పత్తా అడిగింది. కొట్టాయన దండలోంచి ఒక పొట్లం తెంపి గల్లా పెట్టె మీద పెట్టాడు. చేతికివ్వలేదు. ఆమె తీసుకుంది.

ఏప్రిల్ 1 పొద్దున పాల కార్డులో గీత పడింది. 6.4. గడ్డి మారింది కదా, అంది నర్సవ్వ.

ఇప్పుడు మా ఆఫీసులో మారినవి

ఎస్సీ, ఎస్టీ కుటుంబం నుంచి ఏ చిన్న సమస్య వచ్చినా, రేషన్ కావచ్చు, పాలు కావచ్చు, ఇంకేమేం ఆగాయని అడుగుతున్నాం. పదిలో ఎనిమిదిసార్లు ఏమీ ఆగి ఉండదు. అప్పుడది మామూలు తగాదానే, అలాగే చూస్తాం. ఎస్సీ మనిషితో జరిగిన ప్రతి గొడవా అట్రాసిటీ కాదు. ఒకసారి అన్నదమ్ముల భూమి తగాదాలో పక్క పొలం ఆయన్ని ఇరికించడానికి కేసు రాయమని వస్తే రాయనన్నాను. అలాంటి ఒక్క కేసు చాలు, నర్సవ్వ లాంటి పదిమంది మాట అనుమానంలో పడటానికి.

పెద్దమనుషుల దగ్గరికి పోవాల్సివస్తే, సాక్ష్యం చేతికొచ్చాకే పోతున్నాం. అక్కడ ఫిర్యాదుదారుకు కుర్చీ లేకపోతే మేమూ కూర్చోం. తిట్ల ఫిర్యాదైతే ఇల్లా, వాకిలా, గల్లీయా అని అడిగి బొమ్మ గీయిస్తున్నాం. కొత్తగా చేరిన వాలంటీర్లకు నా పాత ఫిర్యాదు, కొత్త ఫిర్యాదు పక్కపక్కన పెట్టి చదివిస్తాను. నవ్వుతారు. నవ్వనీ.

సర్దుబాటు కానివి చాలా ఉన్నాయి. 60 రోజుల్లో రావాల్సిన ఛార్జిషీటు వచ్చేసరికి మూడు నెలలు దాటింది. మల్లేశ్ ఇప్పటికీ పక్క ఊళ్లోనే గడ్డం చేయించుకుంటాడు. ఆ పొలంలో పైపు మళ్లీ వేయలేదు. ఈ వానాకాలం బోరు వేయాలా, పొలం కౌలుకివ్వాలా అని ఆలోచిస్తున్నారు.

మార్చి 30న తహసీల్దార్ ఇంకో పని చేయించాడు. ఈ ఇంటితో అందరూ మామూలుగా ఉండాలని ఊరంతా చాటింపు. డప్పు కొట్టింది అదే మరిది. డిసెంబర్‌లో తిరిగిన గల్లీలన్నీ అదే వరసలో తిరిగాడు. నర్సవ్వ వాకిలి ముందుకొచ్చినప్పుడు డప్పు ఆపాడు, చెప్పాల్సింది చెప్పకుండానే ముందుకు వెళ్లిపోయాడు. డీఎస్పీకి ఇచ్చిన వాంగ్మూలంలో "వాళ్లు చెప్పమన్నది చెప్పిన" అన్నాడు. ఆ వాళ్లు ఎవరో కోర్టులో చెప్పాలి. సాక్షుల పట్టికలో ఆయనది నాలుగో పేరు. ఆయన ఇల్లు ఇప్పటికీ వీడీసీ స్థలంలోనే ఉంది.